జగదాంబలో గుడి వెతుక్కున్నవాడి జవాబు

"పాపులర్ కల్చర్ అంటే సినిమా పిచ్చి ఉన్నవాళ్ల గొడవేనా, మామూలు మనిషి బతుకులో దానికేం పని?" అని అడిగారు. నాకు జరిగింది చెబుతాను.

శ్రీకాకుళం పల్లె నుంచి ఇంజనీరింగ్ చదవడానికి విశాఖ వచ్చినప్పుడు, కాంప్లెక్స్‌లో బస్సు దిగి మేనమామ ఇంటికి దారి అడిగాను. "జగదాంబ దగ్గర దిగిపో బాబూ" అన్నారు. దిగి అమ్మవారి గుడి కోసం చుట్టూ చూశాను. ఎదురుగా సినిమా హాలు! దాని పేరే జంక్షన్‌కు ఉండిపోయింది. ఆ హాల్లో ఒక్క ఆటా చూడని మా అత్త కూడా చీర కొనాలంటే "జగదాంబకెళ్దాం" అంటుంది.

మాటలూ అంతే. మా అమ్మ సినిమాకెళ్లి ఇరవై ఏళ్లయింది. అయినా పక్కింటాయన గొప్పలు పోతే "ఆయనకంత సీన్ లేదులే" అంటుంది. సీను, బిల్డప్పు, ఓవరాక్షను, ఫ్లాష్‌బ్యాకు తీసేస్తే మా ఇంట్లో సగం తగాదాలకు మాటలు చాలవు.

ఇదంతా సరదా. సరదా కానిది హాస్టల్లో తెలిసింది. గుంటూరు వైపు రూమ్మేట్లు నేను "ఏటి?" అంటే చాలు, పడీపడీ నవ్వేవాళ్లు. చెడ్డవాళ్లేం కాదు. సినిమాల్లో మా యాసను పనివాడి నోటో కమెడియన్ నోటో విని పెరిగారు. మెస్ బిల్లు కట్టలేక టెన్షన్ పడుతూ మాట్లాడినా వాళ్లకది కామెడీ ట్రాకే. వాడుక భాషలో రాసిన 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ఆడింది ఇక్కడికి దగ్గర్లోని విజయనగరంలోనే. ఆ సంగతి అప్పుడు తెలిసుంటే దెబ్బలాడేవాణ్ని. తెలియక, రెండో సెమిస్టర్‌కల్లా "ఏంటి" అనడం నేర్చుకున్నాను. సెలవులకు ఇంటికెళ్తే నాన్న "ఏటిరా, టీవీలో వార్తలు సదువుతున్నావా?" అన్నాడు.

అంచేత ఎవరెన్ని సినిమాలు చూశారన్నది నాకు చిన్న విషయం. మనం నోరు తెరిస్తే ఎదుటివాడి చెవికి ఏం వినిపించాలో కూడా అవే ముందుగా చెప్పిపెడుతున్నాయి.

ఈమధ్య మా యాసలో రీల్స్ తెగ వస్తున్నాయి. కొన్ని మరీ అతి (మా ఊళ్లో ఎవరూ అంత సాగదీయరు), అయినా చూస్తాను. మొన్న ఆ గుంటూరు రూమ్మేటే ఫోన్ చేసి "ఏటి గురూ, ఏటి సేస్తన్నావు?" అన్నాడు. ఎగతాళి కాదు, రీల్స్ చూసి అలవాటైందట. నేనే "ఏం లేదురా, ఇంట్లోనే ఉన్నా" అని వాడి ఊరి తెలుగులో జవాబిచ్చాను.