కొత్త కృతి గానీ సింఫనీ గానీ తొలిసారి విన్నప్పుడు అర్థమవుతుందా? ఏం వినాలి?

మీరు అడిగినవి రెండు. ఇళయరాజా సింఫనీ (పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసే పొడుగాటి రచన) వార్తలు చూసి, ఇలాంటి కొత్త శాస్త్రీయ రచనను తొలి ప్రదర్శనలో వింటే మామూలు శ్రోతకు ఏమైనా తలకెక్కుతుందా అన్నది ఒకటి. మన కచేరీల్లో ఎప్పుడూ త్యాగరాజు, దీక్షితులేనా, కొత్తవి రాసేవాళ్లు లేరా అన్నది రెండోది.

మొదటిదానికి నా జవాబు: పెద్దగా తలకెక్కదు. శ్రోత సంగతి తర్వాత, వేదిక మీద కూర్చుని వాయించిన నాకే ఎక్కలేదు.

మాది కర్నూలు. పగలు ఆఫీసు, సాయంత్రం వయొలిన్. పద్దెనిమిదేళ్లుగా చుట్టుపక్కల గుళ్లలో, ఆరాధనోత్సవాల్లో పక్కవాద్యం వాయిస్తున్నాను. ఆరేళ్ల కిందట శ్రావణమాసంలో ఒక రిటైర్డ్ తెలుగు పంతులుగారు కట్టిన కృతిని సంకల్‌బాగ్ వైపు ఒక గుడి మండపంలో మొదటిసారి పాడించారు. రాగం తానరూపి. 72 మేళకర్తల్లో (ఏడు స్వరాలూ ఉండే మూల రాగాల్లో) ఆరోది. శుద్ధ రిషభం పక్కనే శుద్ధ గాంధారం, పైన షట్‌శ్రుతి ధైవతం పక్కనే కాకలి నిషాదం. రెండు వైపులా వివాది స్వరాలే, అంటే ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండి పొసగనివి. పాడేవాళ్లకు గొంతులో ముల్లు, వాయించేవాళ్లకు వేళ్ల మధ్య ఖాళీ లేదు.

స్వరం రాసిన కాగితం ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు వాట్సాప్‌లో వచ్చింది. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటో. తారస్థాయికి (పై స్థాయికి) స్వరం మీద పెట్టే చుక్కలు పెన్సిలుతో పెట్టారేమో, సగం కనపడలేదు. రిహార్సల్ అంటే పాడే అమ్మాయి పంపిన రెండు వాయిస్ మెసేజ్‌లు, అవీ పల్లవి వరకే. చరణంలో ఆ అమ్మాయి ఒక్కసారిగా పై షడ్జం దాటి వెళ్లింది. నా కాగితంలో చుక్క లేదు, నేను కిందనే ఉండిపోయాను. ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాటు ఆమె మీద, నేను కింద. చెమటలు పట్టాయి.

కచేరీ అయ్యాక ఒకాయన వచ్చి చెయ్యి పట్టుకుని, "ఆ చరణంలో పైనా కిందా రెండూ కలిపి వాయించారు చూడండి, చాలా బాగుంది సార్" అన్నాడు. ప్రసాదం దొన్నె చేతిలో పెట్టుకుని ఏం చెప్పాలో తెలియక నవ్వాను. అదే ఏ పాత కృతిలోనో ఒక సంగతి (అదే పాదాన్ని మార్చి పాడే వరుస) తప్పితే ఊరుకుంటారా? ముందువరసలో కూర్చునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు మా ఊళ్లో, అక్కడికక్కడే వేలు ఊపుతాడు. ఆ రోజు ఆయన కూడా వేలు ఊపలేదు.

ఈ మాట పంతులుగారితో ఒప్పుకుంటే ఆయన కోప్పడలేదు. "నాయనా, అది తప్పని నీకు తెలుసు, నాకు తెలుసు. ఈ ఊళ్లో మూడోవాడికి తెలియదు. నా బాధ అదీ" అన్నాడు.

తొలి ప్రదర్శనలో ఇబ్బంది ఇదే. తప్పేదో, రచనేదో చెప్పడానికి వినేవాళ్ల దగ్గర కొలత ఉండదు. రెండోసారి వింటేనే ఆ కొలత వస్తుంది, కొత్త కృతికి దొరకనిది ఆ రెండోసారే. మొదటిసారి పాడించడానికి ఎవరో ఒకరు ముందుకొస్తారు, శాలువా ఉంటుంది, ఫొటో ఉంటుంది. రెండోసారికి అవేవీ ఉండవు.

ఇళయరాజా సింఫనీకి వస్తే, పేరు 'వాలియంట్'. 2025 మార్చి 8న లండన్‌లో ఈవెంటిమ్ అపోలోలో మైకెల్ టామ్స్ నిర్వహణలో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. మా మేనల్లుడు అక్కడే ఉద్యోగం, వెళ్లొచ్చాడు. ఎలా ఉందిరా అంటే "సినిమా పాట ముక్క ఏదైనా తగులుతుందేమోనని అరగంట వెతికాను మామా" అన్నాడు. వాణ్ణి తప్పుపట్టను. తెలిసినదాన్ని వెతుక్కోవడం చెవికి అలవాటు. కాకపోతే వాళ్లకు నాలాంటి తిప్పలు ఉండవు. ఎవరి వాద్యానికి వాళ్ల కాగితం, ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా, ఎవరు ఎప్పుడు ఆగాలి, అన్నీ రాసి ఉంటాయి. మంచి ఆర్కెస్ట్రా కొద్దిపాటి రిహార్సళ్లతో కొత్త రచనను నిలబెట్టగలిగేది అందుకే. మన స్వరలిపి ఎముకల గూడు మాత్రమే. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, గురువు గొంతులో ఉంటుంది. దాన్నీ కాగితం మీద పెట్టాలని పట్టుబట్టిన మనిషి మా ఊళ్లోనే ఉండేవారు. డాక్టర్ శ్రీపాద పినాకపాణిగారు. వైద్య కళాశాలలో పాఠాలు చెబుతూ, కృతులను గమకాలతో సహా స్వరపరిచి రాసిపెట్టారు. 2013 మార్చిలో, నూరేళ్లకు కొన్ని నెలల ముందు, కర్నూలులోనే కన్నుమూశారు. ఆయన 'సంగీత సౌరభం' నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. కొత్తగా కృతులు కట్టేవాళ్లంతా అది ఒకసారి తిరగేస్తే నాలాంటివాళ్లకు రాత్రి తొమ్మిదిన్నర టెన్షన్ తప్పుతుంది.

ఇక కొత్తవి రాసేవాళ్లే లేరా అన్న మాట. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టారు. స, గ, ప, ని అని నాలుగే స్వరాలతో మహతి అన్న రాగం పాడి, అది కొత్త రాగమంటే, వీణ ఎస్. బాలచందర్ ఒప్పుకోక పెద్ద గొడవే చేశారు. ఆ గొడవ కూడా మంచిదే అంటాను, కొత్తదాన్ని జనం పట్టించుకున్నారని గుర్తు. ఇప్పుడెవరూ గొడవ పడటం లేదు, చప్పట్లు కొట్టి ఇంటికెళ్తున్నారు.

ఇంకో సంగతి. తాళ్లపాక మన కడప జిల్లాదేనని (2022లో అన్నమయ్య జిల్లాలో కలిపారు) మనం గొప్పగా చెప్పుకుంటాం కదా. అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. మనం వింటున్న వరుసలు చాలావరకు పోయిన శతాబ్దంలో కట్టినవి. 'నానాటి బతుకు నాటకము' రేవతి రాగంలో నేదునూరి కృష్ణమూర్తిగారు కట్టారు. ఆయన పినాకపాణిగారి శిష్యుడే. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారు అంతకుముందే ఎన్నో సంకీర్తనలకు స్వరాలు కట్టారు. పదిహేనో శతాబ్దపు పాట అనుకుని మీరు కళ్లు మూసుకుని వినేది ఒక రకంగా కొత్త రచనే. మళ్లీ మళ్లీ విన్నారు కాబట్టి పాతదైపోయింది.

పాశ్చాత్యుల కొత్త సంగీతం వినాలంటే భయపడకండి. మన చెవికి అందే దారులు అందులో చాలానే ఉన్నాయి. ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెసియాన్ శార్ఙ్గదేవుడి సంగీత రత్నాకరం అన్న మన పాత సంగీత శాస్త్ర గ్రంథంలోని దేశీ తాళాలను చదువుకుని వాడుకున్నాడు. ఆయన తురంగలీల సింఫనీని 1949లో బోస్టన్‌లో లెనార్డ్ బెర్న్‌స్టైన్ తొలిసారి వాయింపజేశాడు. పేరులోనే మన గుర్రం పరుగెడుతోంది. నాకు మటుకు ఫిలిప్ గ్లాస్ ఇంకా దగ్గర. పారిస్‌లో సితార్ విద్వాంసుడు రవిశంకర్ సంగీతాన్ని పాశ్చాత్య వాద్యగాళ్ల కోసం స్వరలిపిలో రాసిపెడుతూ మన లయ లెక్క తెలుసుకున్నాడు. గాంధీ దక్షిణాఫ్రికా రోజుల మీద ఆయన కట్టిన 'సత్యాగ్రహ' ఒపేరా (పాటలతోనే నడిచే నాటకం) 1980 సెప్టెంబరు 5న రాటర్‌డామ్‌లో తొలిసారి ఆడింది. పాడేది మొత్తం సంస్కృతం, భగవద్గీత శ్లోకాలే. నేను మొదట విన్నది అనంతపురం బస్సులో, ఇయర్‌ఫోన్లలో. డోన్ దాటేదాకా, ఒకే ముక్క తిప్పి తిప్పి వాయిస్తున్నాడేమిటి అని విసుక్కున్నాను. రెండోసారి విన్నప్పుడు లెక్క పట్టుకుంది. ముక్కకు ఒక స్వరం కలుస్తుంది, ఇంకోటి తగ్గుతుంది. మన యతులు అవే కదా! (అన్నట్టు, 1976లో తొలి ఒపేరాతో అంత పేరొచ్చాక కూడా ఆయన న్యూయార్క్‌లో టాక్సీ నడిపాడు. ఆఫీసు ఫైళ్ల మధ్య ఈ మాట గుర్తొస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.)

యతి అంటే (లయలో ముక్కల కొలత పెరిగే, తగ్గే తీరు) గుర్తు రాకపోతే దీక్షితుల 'త్యాగరాజ యోగ వైభవం' వినండి. త్యాగరాజ యోగ వైభవం, అగరాజ యోగ వైభవం, రాజ యోగ వైభవం, యోగ వైభవం అని ఆవుతోకలా సన్నబడుతూ వస్తుంది. దాన్ని గోపుచ్ఛ యతి అంటారు. పంతులుగారి తానరూపి కృతిలో చిట్టస్వరం (స్వరాలతోనే కట్టిన భాగం) చివర కూడా అదే ఉంది. ఏడు, ఐదు, మూడు అక్షరాల ముక్కలుగా తగ్గి సరిగ్గా పల్లవి ఎత్తుగడ మీద పడుతుంది. మండపంలో వాయించిన రోజు నేను దాన్ని గమనించనే లేదు, చుక్కల గోలలో ఉన్నాను. రెండేళ్ల తర్వాత ఆయన సహస్ర చంద్ర దర్శనం నాడు ఇంట్లో మళ్లీ వాయిస్తుంటే చేతికి తెలిసింది.

కాబట్టి తొలి ప్రదర్శనకు వెళ్తే అంతా పట్టుకోవాలని పెట్టుకోకండి. ఒకే ఒక్కటి ఎంచుకోండి. మన కృతి అయితే పల్లవి ఎత్తుగడ తాళంలో ఎక్కడ మొదలవుతోందో వేళ్లతో చూసుకోండి, మళ్లీ అక్కడికి ఎలా చేరుతున్నారో వినండి. సింఫనీ అయితే మొదటి రెండు నిమిషాల్లో వచ్చిన వరుస మళ్లీ ఏ వాద్యంలో, ఏ వేషంలో వస్తుందా అని కాచుకోండి. వారంలోపు మళ్లీ ఒకసారి ఎక్కడైనా వినండి. వాళ్లు రికార్డు పెట్టకపోతే అడగండి, అడిగేవాళ్లు లేకే పెట్టరు.

పంతులుగారు పోయిన ఏడాది వెళ్లిపోయారు. వాళ్లమ్మాయి నోటుపుస్తకం నా చేతికిచ్చింది. 43 కృతులు. బయట పాడినవి రెండే. చుక్కలన్నీ ఎర్రపెన్నుతో దిద్దుకుంటూ వస్తున్నాను. మొన్న వసంత పంచమికి నిర్వాహకుల్ని బతిమాలి తానరూపి కృతినే ఆ సాయంత్రం రెండుసార్లు పాడించాం, కచేరీ మొదట్లో ఒకసారి, మంగళానికి ముందు ఒకసారి. రెండోసారి చిట్టస్వరంలో ఐదు అక్షరాల ముక్క దగ్గర నా విల్లు జారి ఆరు పడ్డాయి. ముందువరసలో పెద్దాయన వేలు ఊపాడు.