మంద గుండ్రంగా తిరిగితే మెదడు జబ్బు కాదు

ప్రశ్న: వానలకు ఎనిమిది రోజులుగా 60 గొర్రెలను 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న దొడ్డిలోనే ఉంచాం. మూడు రోజులుగా మందంతా ఒకే వైపు గుండ్రంగా తిరుగుతోంది. ముందున్న పొట్టేలుకు గిడ్ (మెదడులో నీటి తిత్తి పెరిగి గుండ్రంగా తిప్పే జబ్బు) సోకిందని విడిగా కట్టేసినా ఆగలేదు. మందుల షాపులో అన్నింటికీ యాంటీబయాటిక్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూదులు ఇచ్చారు. సగం చేయించాం. మిగతావీ చేయించాలా? – ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: వెంటనే ఆపేయండి. ఇది గిడ్ కాదు. గిడ్ అయితే ఒకటి రెండు జీవాలు తల ఒక పక్కకు వాల్చి, మేత మాని, ఒంటరిగా తిరుగుతాయి. అరవై కలిసి తిరగవు.

మీది గొర్రెదాటు. ప్రతి గొర్రె తన ముందున్నదాని వెంట పోతుంది. బయలైతే ముందున్నది ఎటో ఒకవైపు మళ్లుతుంది. ఇరుకు దొడ్డిలో కంచె దాన్ని మలుపుతూ పోయి చివరి గొర్రె తోక దగ్గరికే చేరుస్తుంది. ఇక మొదలూ లేదు, చివరా లేదు. ఆగబోయినదాన్ని వెనకవి నెడతాయి. అందుకే పొట్టేలును తీసేసినా తిరుగుడు ఆగలేదు, ఆ చుట్టును నడిపేది అది కాదు. 2022 నవంబరులో చైనాలోని ఇన్నర్ మంగోలియాలో ఒక మంద రోజుల తరబడి ఇలా తిరిగిన వీడియో చాలామంది చూశారు. అక్కడా పక్క దొడ్ల గొర్రెలు మామూలుగానే ఉన్నాయి.

దొడ్డి మధ్యలో అడ్డంగా వెదురు తడికలు కట్టి, ఇరవై చొప్పున మూడు గుంపులు చేయండి. మేత కంచె వెంట కాకుండా మధ్యలో రెండు మూడు చోట్ల వేయండి. గొర్రెకు కనీసం 10 చదరపు అడుగుల నీడ కావాలి. మీ దగ్గర ఏడు కూడా లేవు. తడికలు కట్టాక కూడా ఒంటరిగా తిరిగేది, మేత ముట్టనిది ఉంటే దాన్ని మాత్రం పశువైద్యునికి చూపించండి.

ఆ సూదుల సంగతే నన్ను బాధిస్తోంది. జీవాన్ని చూడకుండా, చూడిదో ఒట్టిదో అడగకుండా మంద మొత్తానికి స్టెరాయిడ్ ఎలా ఇస్తారు? నెలలు నిండుతున్న చూడి గొర్రెకు డెక్సామెథసోన్ పడితే రెండు మూడు రోజుల్లో ముందే ఈనేయవచ్చు. సూది పడిన చూడి గొర్రెలను ఈ రోజే వేరుచేసి కనిపెట్టుకుని ఉండండి. సూది వేసినవాటిని, మాంసానికి వాడకూడదని మందు సీసా మీద రాసిన రోజులు దాటేదాకా కోతకు అమ్మవద్దు. గిడ్ గొర్రెలకు వచ్చేది కుక్క పేగుల్లోని బద్దెపురుగు గుడ్ల వల్ల. ఆ భయం ఉంటే మందు పడాల్సింది మీ కాపలా కుక్కకు: కిలో బరువుకు 5 మి.గ్రా. ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు, మూడు నెలలకోసారి. గొర్రె తలకాయలు దానికి పచ్చిగా వేయకండి.

వాన తెరిపిచ్చాక బయటికి తోలండి. కానీ ఆకలి మీద లేత గడ్డి మేస్తే చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే జబ్బు) రావచ్చు. ముందు వేరుశనగ కట్టె మేపి, మొదటి రోజు రెండు గంటలే వదలండి.