క్వీన్ లతీఫాలా అవుతానంటున్న అమ్మాయి: ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. మా అమ్మాయి పదకొండో గ్రేడ్. చదువులో చురుకైనదే. కానీ ఏడాదిగా ర్యాప్ పిచ్చి పట్టింది. ముందు ర్యాపర్ అయి, తర్వాత క్వీన్ లతీఫాలా సినిమాల్లోకి వెళ్తానంటోంది. కాలేజీకి అప్లై చేస్తే డ్రామా కోర్సుకే చేస్తుందట. మేం కంప్యూటర్ సైన్స్ అనుకున్నాం. కోపం ఆపుకోలేక తన వీడియోలన్నీ డిలీట్ చేయించాను. ఈ రెండు దారుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. ఇక్కడ మన వాళ్లు అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

జవాబు: మీరు పోలిక అడిగారు, చేస్తాను. కానీ మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మీ చివరి వాక్యం. వీకెండ్ పార్టీలో ఎవరో ప్లేటు పట్టుకుని వచ్చి "అమ్మాయి ఏ కాలేజీ, ఏ మేజర్?" అంటారు. అప్పుడు మీ నోట ఏం రావాలన్నదే మీ టెన్షన్. ఇలాంటి ఉత్తరాలు నాకు ఎప్పటినుంచో వస్తున్నాయి. మొదట్లో యానిమేషన్, తర్వాత యూట్యూబ్, ఇప్పుడు ర్యాప్. కోర్సు పేరు మారుతుంది కానీ ఆ చివరి వాక్యం మాత్రం మారదు.

మీ అమ్మాయి మంచి పేరే ఎంచుకుంది. అయితే ఆ కథ ఆ అమ్మాయీ సగమే విన్నట్టుంది, మీరైతే అసలు విన్నట్టే లేదు. ర్యాపర్‌గా మొదలై నటి అయిన లతీఫా అసలు పేరు డేనా ఓవెన్స్. 1970లో న్యూవార్క్‌లో పుట్టింది, మీ ఇంటి నుంచి కారులో గంట కూడా పట్టదు. తల్లి రీటా ఓవెన్స్ ఇర్వింగ్టన్ హైస్కూల్లో టీచర్. కూతురూ అక్కడే చదివింది, బాస్కెట్‌బాల్ ఆడింది, బర్గర్ కింగ్‌లో పనిచేసింది. పిల్లలు ఏ పాటలు వింటున్నారో ఆ టీచరమ్మకు బాగా తెలుసు. స్కూల్ డాన్స్‌కు మార్క్ ద 45 కింగ్ అనే స్థానిక డీజేను పిలిపించింది ఆవిడే. ఈస్ట్ ఆరెంజ్‌లో ఆ కుర్రాడి తల్లిదండ్రుల ఇంటి బేస్‌మెంట్‌లో రికార్డింగ్ సామాను ఉండేది. డేనా, ఆమె స్నేహితులు అక్కడే చేరి పాటలు కట్టేవాళ్లు. ఆ గుంపు తమకు పెట్టుకున్న పేరు ఫ్లేవర్ యూనిట్. వాళ్ల డెమో టేపు చేతులు మారి టామీ బాయ్ రికార్డ్స్‌కు చేరింది. 1989లో మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి ఆమెకు 19 ఏళ్లు.

ఇక్కడ కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమనుకోకండి. ఆ తల్లి స్కూలు తలుపు తెరిచి డీజేను లోపలికి రానిచ్చింది. మీ ఇంట్లో మీరు కూతురు ఏడాదిపాటు రాసుకున్న పనిని చెరిపించారు. అందులో బూతులున్నాయనో, ఎవరినో తిట్టిందనో మీరు రాయలేదు. ఒక్క వీడియో అయినా మొదటి నుంచి చివరి వరకు చూశానని కూడా రాయలేదు. చూడకుండానే తీసేయించారంటే మీకు అభ్యంతరం ఆ పాట మీద కాదు, దాన్ని ఎవరైనా చూస్తారేమోనన్న భయం. పదిహేడేళ్ల పిల్లకు ఆ తేడా తెలియదనుకోకండి. ఇకపై ఆ అమ్మాయి పాడటం మానదు, మీకు కనిపించకుండా పాడుతుంది. రేపు ఎవడో అరచేతిలో వైకుంఠం చూపిస్తూ కాగితం మీద సంతకం పెట్టమంటే మిమ్మల్ని అడగదు. నాకు ఆ భయమే ఎక్కువ.

మీ భయంలో నిజమైన పాలు కొంత ఉంది. ఇంటర్నెట్‌లో పెట్టింది వెంటాడుతుంది. ర్యాపర్, నటి ఆక్వాఫినా మొదట్లో జర్నలిజం చదివి, ఒక పబ్లిషింగ్ కంపెనీలో పబ్లిసిటీ పని చేసేది. 2012లో ఆమె కొంటె ర్యాప్ వీడియో పాకిపోయింది, అందులో ఉన్నది ఆమేనని పై అధికారులు గుర్తుపట్టారు, ఉద్యోగం పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఒక చిన్న కొట్లో పనిచేసింది. 2020లో గోల్డెన్ గ్లోబ్ ఉత్తమ నటి అయింది నిజమే, కానీ ఆ మధ్య ఏళ్లలో జరిగింది ముగింపు తెలిశాక చెప్పుకుంటేనే సరదాగా ఉంటుంది. ఈ మాట అమ్మాయితో మాట్లాడండి. డిలీట్ బటన్ నొక్కినంత మాత్రాన ఆ సంభాషణ పూర్తయినట్టు కాదు.

ఇప్పుడు మీ అమ్మాయి వినాల్సిన సంగతి. "ర్యాప్‌తో మొదలుపెట్టి నటి కావడం" అనే దారి మీద నాకు పెద్ద అనుమానాలే ఉన్నాయి. ఈ మధ్య పిల్లలు దాన్ని ఒక కోర్సులా చెబుతున్నారు: ముందు ఫాలోవర్లు, తర్వాత ఆల్బమ్, ఆ తర్వాత సినిమా. లతీఫాకు అలా మెట్లు వేసి ఎవరూ ఉంచలేదు. 1991లో వచ్చిన రెండో ఆల్బమ్ సరిగా అమ్ముడుపోలేదు, కంపెనీ వదిలేసింది. మరుసటి ఏడాది అన్న మోటార్ సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. 1993లో కొత్త కంపెనీతో మరో ఆల్బమ్ తెచ్చింది, అదే ఏడాది ఫాక్స్ చానల్‌లో ఆమె నటించిన లివింగ్ సింగిల్ అనే సిట్‌కామ్ (కామెడీ సీరియల్) మొదలైంది. అది ఐదు సీజన్లు, 118 ఎపిసోడ్లు నడిచింది. కెమెరా ముందు నిలబడటం ఆమె నేర్చుకున్నది అక్కడే, వారం వారం జీతం తీసుకుంటూ. చికాగో సినిమాలో జైలు మేట్రన్ పాత్రకు ఆస్కార్ నామినేషన్ వచ్చేసరికి 2003. అవార్డు అదే సినిమాలో మరో నటికి వెళ్లింది, అది వేరే సంగతి.

అలాంటి 118 ఎపిసోడ్ల బడి ఇప్పుడు ఎక్కడుంది? స్ట్రీమింగ్ సిరీస్ ఎనిమిది, పది ఎపిసోడ్లతో ముగుస్తుంది, తర్వాతి సీజన్ వస్తుందో రాదో తెలియదు. పాత టీవీలో మళ్లీ మళ్లీ వేసినప్పుడల్లా నటులకు వచ్చే రెసిడ్యువల్స్ కూడా పలచబడ్డాయి. 2023లో నటుల సంఘం సాగ్-ఆఫ్ట్రా 118 రోజులు సమ్మె చేయడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ ఏడాది సంఘం హెల్త్ ఇన్సూరెన్స్ రావాలంటే నటనలో 26,470 డాలర్లు సంపాదించాలి. సభ్యుల్లో ఎక్కువమంది ఆ గీత కూడా దాటలేదు. పాటల వైపు చూస్తే, 12 నెలల్లో వెయ్యి సార్లైనా వినని పాటకు స్పాటిఫై 2024 నుంచి రాయల్టీ ఇవ్వడం మానేసింది. మీ అమ్మాయి తనకు వీటిని ఎవరూ చెప్పలేదంటుంది. మీరు చెప్పండి, కానీ "చూశావా, నేను చెప్పలేదూ" అనే గొంతుతో వద్దు.

లతీఫా కథలో నాకు అన్నిటికంటే నచ్చేది పాటా కాదు, సినిమా కాదు. ఇరవై ఏళ్ల ప్రాయంలోనే తన మిత్రుడు షకీమ్ కంపేర్‌తో కలిసి ఫ్లేవర్ యూనిట్‌ను మేనేజ్‌మెంట్ కంపెనీగా మార్చింది. నాటీ బై నేచర్ లాంటి బృందాల వ్యవహారాలు చూసింది. తర్వాత అదే నిర్మాణ సంస్థ అయింది. 2015లో బెస్సీ టీవీ సినిమాకు ఎమ్మీ అందుకున్నది నిర్మాతల్లో ఒకరిగా. 2021లో ఈక్వలైజర్ సిరీస్ మొదలైనప్పుడు కూడా నటిగానే కాక ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గానూ ఉంది. ఆల్బమ్ ఆడకపోయినా ఆమె నిలబడిందంటే చేతిలో లెక్కల పుస్తకం ఉండటం వల్లే. మీ అమ్మాయి ఈ భాగాన్నీ అనుకరిస్తానంటే నేనే భుజం తడతాను.

అన్నట్టు, మన వాళ్లకు ఏం చెప్పాలంటారా? కాలిఫోర్నియాలో పెరిగిన రాజకుమారి అనే ర్యాపర్ తెలుగింటి పిల్లే. కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుని ర్యాప్‌లోకి వచ్చింది, అమెరికన్ బృందాలకు పాటలు రాసింది. పేరు చెప్పి కాఫీ అందుకోండి. సంభాషణ వెంటనే వేరేవాళ్ల గ్రీన్ కార్డు మీదికి మళ్లుతుంది.

ఇక మీరు అడిగిన పోలిక. కంప్యూటర్ సైన్స్ అంటే ఉద్యోగం ఖాయమన్న రోజులు 2022 చివర్లో లేఆఫ్‌లు మొదలయ్యాక పోయాయి. ఇష్టం లేని పిల్ల ఆ పోటీలో నిలవడం ఇంకా కష్టం. డ్రామా డిగ్రీకి అసలు ప్రమాదం అప్పు. న్యూయార్క్ యూనివర్సిటీ కళల కాలేజీ టిష్ లాంటి చోట అన్ని ఖర్చులూ కలిపితే ఏడాదికి 90 వేల డాలర్లు దాటుతుంది. తొలి పాత్ర కోసం తిరిగే రోజుల్లో ఆ వాయిదాలు ఎవరు కట్టాలి? మీ పక్కనే న్యూ బ్రన్స్‌విక్‌లో రట్గర్స్ యూనివర్సిటీకి మేసన్ గ్రాస్ కళల కాలేజీ ఉంది, నటనలో బీఎఫ్‌ఏ (పూర్తిగా కళకే కేటాయించిన డిగ్రీ) ఉంది, ఈ రాష్ట్రం వాళ్లకు ఉండే తక్కువ ఫీజు, అంటే ఇన్‌స్టేట్ ఫీజు. ఆడిషన్ ఉంటుంది కాబట్టి ఈ వేసవిలోనే మోనోలాగ్‌లు (ఒక్కరే నటించి చూపే సంభాషణలు) మొదలుపెట్టాలి. బీఎఫ్‌ఏ రోజంతా తినేస్తుంది, పక్కన రెండో మేజర్ చేయడం దాదాపు కుదరదు. థియేటర్‌లో బీఏ అయితే బిజినెస్‌నో, మీకు మనశ్శాంతి కావాలంటే కంప్యూటర్ సైన్స్‌నో జతచేయవచ్చు. నన్నడిగితే రెండిటికీ అప్లై చేయించండి. ఆడిషన్ ఫలితం వచ్చాక ముగ్గురూ కూర్చుని ఎంచుకోండి. ఆడిషన్ గదికి తనను మీరే తీసుకెళ్లండి.

అమ్మాయికి ఇంకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఏ కంపెనీ అయినా ఒప్పందం మీద మీ సంతకం కూడా అడుగుతుంది. ఎంటర్‌టైన్‌మెంట్ లాయర్ చదవకుండా పెట్టకండి. వాళ్లిచ్చే అడ్వాన్స్‌ను జీతం అనుకోకండి. పాట సంపాదించే డబ్బులోంచి ముందు దాన్నే రాబట్టుకుంటారు. మేనేజర్ కమీషన్ మామూలుగా 15 నుంచి 20 శాతం ఉంటుంది. రాసిన పాటల హక్కులు ఎవరి పేరున ఉంటాయో ఆ లాయర్‌ను మొదట అడగండి, ఆ ప్రశ్న మీ అమ్మాయి చేతే అడిగించండి.