కంచంలో పెట్టుకోని తిండి

"పెళ్ళయ్యాక ఆడవాళ్ళు ఎందుకు లావవుతారు? తిండి యావా, బద్ధకమా?" అని అడిగారు. ఈ రెండే తోచాయంటే మీరు మంచినీళ్ళకు తప్ప వంటింట్లోకి వెళ్ళరని అర్థమైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో అధిక బరువున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. ఇంతమందికీ కూడబలుక్కున్నట్టు బద్ధకం పుట్టిందా?

నా సంగతి చెబుతాను. మాది విజయవాడ. పెళ్ళినాటికి 52 కిలోలు, రెండో కాన్పయిన పదేళ్ళకు 78. మోకాళ్ళ నొప్పులని వెళితే డాక్టరమ్మ మందు రాయలేదు. "వారం రోజులు నోట్లో పడ్డ ప్రతిదీ రాసుకుని రండి" అన్నారు.

మొదటి రాత్రి రాశాను: పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి రెండు చపాతీలు. చదువుకుని నా మీద నాకే జాలేసింది. పక్కనే లెక్కలు చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తకుండానే "తమ్ముడు వదిలేసిన దోసె రాయలేదమ్మా" అంది. కాసేపాగి, "వేపుడు మూకుడులో కలుపుకున్న అన్నం?" ఇంకాసేపాగి, "నాన్న వద్దన్న పెరుగన్నం?"

వారం తర్వాత పుస్తకం తిరగేస్తే, తిన్నదాంట్లో సగం రాత్రి పదింటి తర్వాత, పొయ్యి పక్కన నిలబడి తిన్నదే. కంచంలో పెట్టుకుని తిన్నదే తిండి అన్న లెక్క మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. అన్నం పారేస్తే పాపం, పొద్దుటికి పాచిపోతుంది, కనుక నా పొట్టలోకి వెళ్ళాలి. శనివారం పేజీ అయితే ఇంకా ఘోరం. ఒక్కపొద్దని అన్నం మానేసి ఆరు పూరీలు తిన్నాను. వేంకటేశ్వరస్వామి ఏమనుకున్నారో!

నడవమని అందరూ చెబుతారు. ఎప్పుడు నడవాలి? అయిదున్నరకు పాలు, ఏడింటికి మూడు క్యారేజీలు. సాయంత్రం స్కూలు మైదానానికి వెళితే అదంతా మగపిల్లల క్రికెట్టే. అంచున నడుస్తుంటే "ఆంటీ, బంతి!" అని కేకలు. చుడీదారు వేసుకుంటే పక్కింటి పెద్దావిడ "ఈ వయసులో ఎవరు చూడాలమ్మా" అన్నారు. పదకొండు రోజులకు మానేశాను.

ఇక వాట్సాప్‌లో "రుబ్బురోలు, తిరగలి వదిలేసినందుకే ఈ ఒళ్ళు" అని పంపే పెద్దమనుషులను ఒకటి అడగాలి. మీ తాతగారు నాగలి పట్టారు. మీరేం పడుతున్నారు, రిమోటా?

నేను చేసిందల్లా ఒకటే. ఎనిమిదింటికి అందరితో పాటు కంచం పెట్టుకుని కూర్చుంటున్నాను. ఎవరికి కావలసింది వాళ్ళే వడ్డించుకుంటారు. మొదటి వారం మావారు ఉప్పు డబ్బా ఎక్కడుందని రోజూ అడిగారు, తర్వాత ఆయనకే దొరికింది. బియ్యం కూడా ఒక గ్లాసు తగ్గించాను, మిగిలితేనే కదా తినాల్సి వచ్చేది. ఏడు నెలల్లో 9 కిలోలు తగ్గాను. థైరాయిడ్ అనీ, వంశపారంపర్యమనీ ఎవరేం చెప్పినా నేను నమ్మను. ఇంట్లో ఆఖరి కంచం ఎవరిదో, ఆ ఇంట్లో లావెక్కేది వాళ్ళే.

మా అత్తగారు మాత్రం ఇప్పటికీ అందరూ లేచాక, వంటింట్లో నిలబడే తింటారు. ఆవిడకు 72 ఏళ్ళు, బరువు 48 కిలోలు. ఆ సంగతి నన్ను అడగకండి.