నిద్రలో పిక్కలు పట్టేస్తుంటే...

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో సేల్స్ పని, రోజంతా నిలబడాలి. రెండు నెలలుగా తెల్లవారుజామున ఒళ్లు విరుచుకోగానే పిక్క రాయిలా బిగుసుకుపోతోంది. వదిలాక కూడా మర్నాడంతా సలుపే. బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) కలిసిన మందు వాడుతున్నాను. మెగ్నీషియం వేసుకోమని పక్కింటివాళ్లు అంటున్నారు. వేసుకోవచ్చా, డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు, పట్టేసిన ఆ నిమిషంలో ఏం చేయాలో చెబుతానమ్మా. మోకాలు వంచకుండా కాలు చాపి, పాదాన్ని మీ వైపుకు లాక్కోండి. చేయి అందకపోతే తువ్వాలును అరికాలి ముందు భాగానికి వేసి, రెండు చివరలూ పట్టుకుని నెమ్మదిగా లాగండి. కుదపొద్దు. లేవగలిగితే గోడ పట్టుకుని నిలబడి మడమను నేలకు ఆనించండి. బిగువు వదిలాక మెల్లగా మర్దన చేసి వేడినీళ్ల బ్యాగు పెట్టుకుంటే సలుపు తగ్గుతుంది.

నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది. దాంతో పిక్క కండరం అప్పటికే ముడుచుకుని ఉంటుంది. మీరు వేళ్లు చాపి విరుచుకోగానే అది ఇంకా బిగిసి పట్టేస్తుంది. అందుకే ఇకమీదట విరుచుకునేటప్పుడు మడమను ముందుకు తోసి, వేళ్లను మీ వైపుకు తిప్పండి. దుప్పటి అంచును కాళ్ల దగ్గర పరుపు కిందికి దోపకండి, దాని బరువుకు పాదాలు కిందికి వంగుతాయి.

రోజూ పడుకునే ముందు గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, ఆ మోకాలు వంచకుండా, మడమ లేవకుండా ముందుకు వంగండి. పిక్కలో లాగినట్టు ఉండాలి, నొప్పి పుట్టకూడదు. 30 సెకన్ల చొప్పున ఒక్కో కాలికి మూడుసార్లు చేయండి. కనీసం ఆరు వారాలు మానకండి. షాపులో వీలు దొరికినప్పుడల్లా కాసేపు కూర్చోండి. బాత్రూంకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లను చాలామందిని చూస్తుంటాం. హైదరాబాద్ ఎండల్లో అది అస్సలు మంచిది కాదు.

ఇక మెగ్నీషియం. పెద్ద వయసువాళ్లలో పరీక్షించి చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. పైగా కిడ్నీలు సరిగా లేనివాళ్ల ఒంట్లో అది పేరుకుపోతుంది. పిక్కలు పట్టేస్తున్నాయని ఎవరైనా మలేరియా మందు క్వినైన్ ఇస్తే అసలు వేసుకోవద్దు. ప్లేట్‌లెట్లు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పిక్కలు పట్టేయడానికి దాన్ని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో కూడా హెచ్చరించింది.

నాకు ఎక్కువ అనుమానం మీ నీళ్ల మాత్ర మీదే. దానివల్ల సోడియం, పొటాషియం తగ్గొచ్చు. మీ అంతట మీరు ఆపేయకండి. రాసిన డాక్టరుకు విషయం చెప్పి ఆ రెండింటితోపాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), షుగర్, థైరాయిడ్ కూడా చూపించుకోండి. ఒక కాలే వాచి, వేడిగా ఉండి నొప్పి వదలకపోతే అది రక్తం గడ్డ కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నడిస్తే పట్టేసి, ఆగితే తగ్గుతుంటే రక్తనాళాలు చూపించుకోవాలి.

ప్రశ్న: మా నాన్నగారు మంచమెక్కితే చాలు, కాళ్లు లాగుతున్నాయంటూ కదుపుతూనే ఉంటారు. ఇదీ అదేనా?
– మరో పాఠకుడు, ఉప్పల్

జవాబు: కాదు. పిక్క గట్టిపడకుండా, కాళ్లు కదిపితేనో లేచి నడిస్తేనో హాయిగా అనిపిస్తే అది రెస్ట్‌లెస్ లెగ్స్. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గినా వస్తుంది కాబట్టి ముందుగా ఫెరిటిన్ పరీక్ష చేయించండి. సాయంత్రం టీ, కాఫీ మాన్పించండి.