బరువు 58 దగ్గరే ఉంది, అయినా నాన్నకి నీరు పట్టింది

మీ అమ్మగారికి డయాలసిస్ మొదలై రెండు నెలలైందని, రోజూ బరువు చూసుకుంటే ఒంట్లో నీరెంత చేరిందో తెలిసిపోతుందా అని అడిగారు. బరువు తప్పకుండా చూడాలి. కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుని మేం మా నాన్నని పోగొట్టుకోబోయాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కిడ్నీ జబ్బు మా ఊళ్లకు కొత్త కాదు, మా వీధిలోనే ముగ్గురు డయాలసిస్‌కి వెళ్తారు. నాన్న ఐదేళ్లుగా సోమ, బుధ, శుక్రవారాల్లో నాలుగేసి గంటలు మెషీన్ మీద ఉంటారు. మొదట్లో డాక్టరు ఆయన డ్రై వెయిట్ 58 కిలోలని పెట్టారు. ఒంట్లో అదనపు నీరు లేకుండా, అలాగని బీపీ పడిపోకుండా ఉండే బరువన్నమాట. మూత్రం దాదాపు ఆగిపోయిన మనిషికి తాగిన నీళ్లు పోయే దారి లేదు, కాబట్టి రెండు సెషన్ల మధ్య పెరిగిన ప్రతి కిలో సుమారు లీటరు నీరే. 60 కిలోలతో వెళ్తే రెండు లీటర్లు తీసి 58కి దించి పంపేవాళ్లు. లెక్క అంత సులువుగా ఉండేసరికి మేం నిశ్చింతగా ఉండిపోయాం.

రెండేళ్ల కిందట నాన్నకి టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు సరిగ్గా తినలేదు. రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని కంచం పక్కకు జరిపేసేవారు. బుగ్గలు పీక్కుపోయాయి, చొక్కా భుజాల మీంచి జారిపోయేది. సెంటర్‌లో మాత్రం ప్రతిసారీ 58కే దించి, "కరెక్ట్‌గా వచ్చింది" అని పంపేవాళ్లు. ఒంట్లో కండ కరిగిపోయిందని, దాని బదులు నీరు చేరి బరువుని అక్కడే నిలబెట్టిందని వాళ్లకీ తట్టలేదు, మాకూ తట్టలేదు.

తేడా ముందు గమనించింది అమ్మ. నాన్న ఒక రాత్రి రెండో తలగడ అడిగారు. నాలుగు రోజులకి మూడోది. తరవాత మంచం దిగి, అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవార్చేవారు. "పడుకుంటే ఊపిరాడట్లేదే, కూర్చుంటే బాగుంది" అనేవారు. ఎండాకాలం ఉక్క అనుకున్నాం. కాళ్లకి వాపు లేదు కదా, ఇంక నీరెక్కడిది అనుకున్నాం. ఒక ఆదివారం తెల్లవారుజామున ఆయాసంతో, నురగలాంటి కఫంతో దగ్గు మొదలైతే ఆసుపత్రికి పరిగెత్తాం. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో నీరు. అర్జంటుగా డయాలసిస్ చేసి నిలబెట్టారు. ఆ తరవాత అరకిలో అరకిలో చొప్పున దించుకుంటూ డ్రై వెయిట్ 55కి తెచ్చారు. అంటే "కరెక్ట్" అనుకున్న రోజుల్లో ఆయన ఒంట్లో మూడు లీటర్లు ఎక్కువే ఉన్నాయి.

కాళ్ల వాపు ఆలస్యంగా కనిపించే గుర్తని ఆ రోజు డాక్టరు చెబితే తెలిసింది. వేలితో నొక్కితే గుంట పడేసరికే ఒంట్లో రెండు మూడు లీటర్లు చేరి ఉండొచ్చట. అందుకని ఇప్పుడు గోడ మీది క్యాలెండర్‌లో రోజూ బరువు పక్కనే పొద్దుటి బీపీ, రాత్రి ఎన్ని తలగడలు వేసుకున్నారు, అన్నం ఎలా తిన్నారు అని కూడా రాస్తాం. నాకు వీటిలో అన్నిటికంటే విలువైనది తలగడల లెక్కే. బరువు ఒకే కాటా మీద, పొద్దున్నే, ఏమీ తాగకముందు, అదే లుంగీతో చూస్తాం. మా కాటాకీ సెంటర్ కాటాకీ 700 గ్రాముల తేడా ఉంది, ఆ సంగతీ రాసి పెట్టుకున్నాం. మీరూ రెండిటినీ ఒకసారి పోల్చి చూసుకోండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆకలి తిరిగొచ్చి నాన్న మళ్లీ ఒళ్లు చేశాక, పాత లెక్కన 55కే దించుతుంటే ఆఖరి గంటలో ఆవలింతలు, చెమటలు, బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేసి కేకలు పెట్టడం. ఈసారి మేమే అడిగాం, డాక్టరు చూసి 56కి పెంచారు. అమ్మగారు జబ్బుపడి లేచినా, తిండి పెరిగినా తగ్గినా డ్రై వెయిట్ మళ్లీ చూడమని మీరే అడగండి.

నీళ్ల విషయానికొస్తే, నాన్నకి రోజుకి ముప్పావు లీటరు అన్నారు. పొద్దున్నే సీసాలో కొలిచి పెడతాం. కాఫీ, మజ్జిగ, చారు ఏది తాగినా అంత నీరు సీసాలోంచి తీసేస్తాం. మీ అమ్మగారికి మూత్రం ఎంత వస్తుందో దాన్నిబట్టి కొలత మారుతుంది, డాక్టరునే అడగండి. కానీ ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించమంటే మనిషిని హింసపెట్టడమే. ఆవకాయ తిన్న రోజు నాన్న దాహం నేను చూశాను, నాలుక పిడచగట్టుకుపోయి సీసా వంక చూస్తూ కూర్చునేవారు. కొబ్బరినీళ్లయితే పూర్తిగా మానేశారు. కొబ్బరి తోట ఉన్న మనిషికి అది ఎంత కష్టమో చెప్పలేను. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, గుండెకే ప్రమాదం.

నీరు ఎక్కువ చేరితే ఒక్క సెషన్‌లోనే లాగేయమని ఒత్తిడి చేయకండి. కిలో బరువుకి గంటకి 13 మిల్లీలీటర్లు దాటకుండా తీయడం మంచిదంటారు. 55 కిలోల మనిషికి నాలుగు గంటల్లో అది దాదాపు 2.86 లీటర్లు. అంతకు మించి ఉంటే అదనపు సెషన్ పెట్టమని అడగొచ్చు. చేతికి, కాలికి పట్టీలు అంటించి ఒంట్లో నీటిని అంచనా వేసే బయోఇంపెడెన్స్ పరీక్ష ఉంది. ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్‌లోనూ అక్కడ చేరిన నీరు తెలుస్తుంది. బరువు మీద అనుమానం వచ్చినప్పుడు వీటి గురించి అడగండి.

పడుకుంటే ఆయాసం వస్తుందని అమ్మగారు అంటే మాత్రం, రేపు డయాలసిస్ ఉంది కదా అని ఆగొద్దు. ఆ రాత్రే తీసుకెళ్లండి. రెండు రోజుల గ్యాప్ వచ్చే వారాంతంలో మరీ జాగ్రత్త. ఆమెకి డ్రై వెయిట్ ఎంత పెట్టారో, ఆ తరవాత తిండి ఎలా ఉందో రాస్తే నాకు తెలిసినంతలో ఇంకా చెబుతాను.