టాకింగ్ డ్రమ్ నిజంగా మాట్లాడుతుందా?

అవును, నైజీరియాలోని యొరుబావాళ్ల డుండున్ డోలు మాటలే పలుకుతుంది, ఆ భాష బాగా వచ్చినవాళ్లకు అది అర్థమవుతుంది. కారణం యొరుబా భాషలోనే ఉంది. అందులో గొంతు ఎత్తు మారితే అర్థమే మారిపోతుంది, మొత్తం 3 స్థాయిలు. ఉదాహరణకు "ఒకో" అనే మాట. రెండక్షరాలూ మధ్యస్థాయిలో పలికితే భర్త, రెండోదాన్ని పైకి లేపితే మట్టి తవ్వే పార, కిందికి దించితే బండి లేదా పడవ.

డోలు మన డమరుకంలా నడుము సన్నగా ఉంటుంది, చుట్టూ తోలు తాళ్లు. చంకలో పెట్టుకుని తాళ్లను నొక్కితే శ్రుతి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. అలా గొంతు ఎత్తుపల్లాలన్నీ డోలు మీదికి వస్తాయి.

చాలామంది దీన్ని మోర్స్ కోడ్ లాంటి రహస్య సంకేతం అనుకుంటారు. కాదు, ఇది మాట రాగమే. ఒకే రాగం ఉన్న మాటలు బోలెడు ఉంటాయి కాబట్టి విడి మాటల కంటే అందరికీ తెలిసిన సామెతలు, "ఒరికి" అనే వంశ ప్రశంసలు ఎక్కువగా వాయిస్తారు. తన ఒరికి విన్న మనిషి నాట్యంతో బదులిస్తాడు. అన్ని ఒరికిలు గుర్తుండాలంటే చిన్నప్పటి నుంచే నేర్చుకోవాలి. అందుకే ఇది తరతరాలుగా అయాన్ వంశాల వృత్తి, వాళ్ల పేర్లు కూడా "అయాన్"తోనే మొదలవుతాయి.